ఉద్దానం తల్లులు

పలాస అనగానే ఎవరికైనా జీడిపప్పు గుర్తుకు వస్తుంది. హౌరా వైపు పోయే బండిలో కునికిపాట్లు పడుతున్న ప్రయాణికుడు సైతం పలాస స్టేషనులో కళ్ళు తెరుస్తాడు. కిటికీలోంచి చెయ్యి చాచి ఒక పొట్లం బేరమాడతాడు. రెండు పలుకులు నోట్లో వేసుకొని మళ్ళీ కళ్ళు మూసుకొంటాడు. ఈలోగా బండి కదిలిపోతుంది. ఎడమచేతి వైపు నీలంగా మహేంద్రగిరి, కుడిచేతి వైపు దూరాన కొబ్బరితోటల ఆకుపచ్చ గీత, ఆ గీత అవతల కనబడని సముద్రం. కొండకూ కడలికీ మధ్య ఉన్న ఈ నేలే ఉద్దానం. ఉద్యానవనం అనే మాటే జనం నోట నలిగి ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మునగ పెరిగే ఈ ఊళ్ళ మధ్య నడుస్తూంటే ఆ పేరు పెట్టినవాడు అబద్ధమాడలేదని ఒప్పుకోక తప్పదు.

ఇంటరులో నా దగ్గర తెలుగు చదువుకొన్న పిల్ల ఒకతె ఇప్పుడు ఈ ప్రాంతంలోనే ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నది. “మేడమ్, మీరు ఊళ్ళ గురించి రాస్తారు గదా! ఒక్కసారి మా వైపు వచ్చి రాయండి. గుళ్ళూ గోపురాలూ అందరూ రాస్తారు. మీరు మా తల్లుల్ని చూసి రాయండి” అని ఏడాదిగా పోరుతున్నది. మొన్న డిసెంబరులో కాలేజీకి సెలవులు దొరికినప్పుడు బయలుదేరాను. మూడు రోజులు ఆ అమ్మాయి స్కూటరు వెనుక కూర్చుని తిరిగాను. చూచినవీ విన్నవీ ఇక్కడ చెబుతున్నాను.

జీడిపొట్టు

పలాస, కాశీబుగ్గ అని పేర్లు రెండు గాని, పురపాలక సంఘం ఒక్కటే. బజారు దాటి ఏ సందులోకి వెళ్ళినా పిక్కలు ఉడుకుతున్న వాసన ముక్కుకు తగులుతుంది. తోటలో ఏరిన జీడిపిక్క మన చేతిలోకి తెల్లని పలుకై రావడానికి చాలా చేతులు మారాలి. రైతు పిక్కలను ఎనభై కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. కార్ఖానాలో వాటిని ఆవిరి మీద ఉడికించి ఆరబెడతారు. తర్వాత ఒక్కొక్క పిక్కనూ కత్తెరమర మీద పెట్టి చీల్చాలి. చీల్చినప్పుడు కారే జీడినూనె చర్మం మీద పడితే పుండు పడుతుంది. అందుకని చేతులకు ఆముదమో బూడిదో పూసుకొంటారు. చీల్చిన పప్పును వేడిగదిలో ఆరబెట్టి, ఆపైన ఎర్రని పొట్టు గోటితో తీసి, గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరుగా ఏరుతారు. ఈ పనుల్లో చాలా భాగం ఆడవారిదే.

ఒక చిన్న కార్ఖానాలో పొట్టు తీసే గదిలోకి వెళ్ళాము. ముప్ఫై మంది దాకా నేలమీద వరసలు తీరి కూర్చున్నారు. గోడవారగా ఒక పడుచు కాళ్ళు చాపుకొని, కడుపు మీద చేట ఆనించుకొని పని చేస్తున్నది. పాతికేళ్ళు ఉండవు.

“ఎన్నో నెల అమ్మా?” అన్నాను.

“ఎనిమిది నిండినాయి అమ్మగోరూ.”

“ఇంక ఇంటిపట్టున ఉండరాదూ?”

ఆమె నవ్వింది. “ఇంటికాడ కూకుంటే ఎవులు పెడతారమ్మా? కిలోకింత అని లెక్క. తీసినోళ్ళకి డబ్బులు, తియ్యనోళ్ళకి నేవు. నొప్పులొచ్చినాక ఎలాగూ కూకుంటాను గదా!”

పక్కనున్న ముసలామె అందుకొన్నది. “నాను నలుగుర్ని కన్నానమ్మా. ఒక్క కానుపుకీ నెలరోజులు ఒళ్ళు దాచుకోనేదు. ఇదిగో, ఈ నడుం అప్పుటిదే” అని వీపు మీద చేయి వేసుకొని చూపించింది.

మన దేశంలో కాన్పుకు సెలవిచ్చే చట్టం కొత్తది కాదు. 1961లోనే వచ్చింది. 2017లో దాన్ని సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో 26 వారాల సెలవన్నారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా ఆ హక్కు వెళ్ళింది. అంతకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, సెలవుకు అర్హత వస్తుంది. నాబోటి ఉద్యోగస్తురాలికి అది కాగితం మీద సంతకం పెట్టినంత సులువు. కాని ఆ 80 రోజులూ పనిచేసినట్టు ఎక్కడో ఒక పుస్తకంలో పేరు రాసి ఉండాలి గదా! ఇవాళ ఒక కార్ఖానా, రేపు మరొకటి, ఎల్లుండి ఇంటికి తెచ్చుకొన్న బస్తా. ఇలా కిలోలెక్కన బతికే ఆడమనిషి పేరు ఏ హాజరుపట్టీలోనూ కుదురుగా నిలవదు. మొదటి కాన్పుకు కేంద్ర ప్రభుత్వం 2017 నుంచి ఇస్తున్న 5,000 రూపాయల మాతృవందన సాయం ఉన్నది. అది మంచిదే. కాని ఆరు నెలల కూలిని అయిదు వేలతో తూచలేము.

బయటికి వచ్చాక మా అమ్మాయి అన్నది: “మేడమ్, ఈమెకు రక్తం తొమ్మిది కూడా లేదు. మాత్రలు ఇస్తాను, ఆకుకూర తినమని చెబుతాను. విశ్రాంతి మాత్రం నా సంచిలో లేదు.”

రక్తహీనత అంటే కాస్త నీరసం అనుకొంటాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణులలో సగానికి పైగా రక్తం తక్కువైనవారే. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే ఆరోగ్యవంతురాలికే ప్రాణం మీదికి వస్తుంది. ముందే రక్తం తక్కువైన తల్లికి ఆసుపత్రి చేరేంత వ్యవధి కూడా ఉండకపోవచ్చు. పురిటి చావులు చాలావరకు ఆ ఒక్కనాడు పుట్టేవి కావు. నెలల ముందు, తినే కంచంలోనూ చేసే పనిలోనూ పుట్టి ఉంటాయి.

పక్షులకు పుట్టిల్లు

మరునాడు టెక్కలి వైపు వెళ్ళాము. టెక్కలికి దగ్గరలో, ఉప్పు కొఠార్లకు పేరుపడ్డ నౌపడ దాపున తేలినీలాపురం అనే ఊరున్నది. శీతకాలంలో అక్కడికి వెళ్ళినవారు ఆ దృశ్యం మరచిపోలేరు. ఊరి చెట్లన్నీ గూళ్ళే. ఒక కొమ్మ మీద గూడబాతులు, ఇంకో కొమ్మ మీద ఎర్రకాళ్ళ కొంగలు. ఏటా వానలు వెనుకబడగానే వచ్చి గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు వచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. నేను వెళ్ళేసరికి గూళ్ళలో పిల్లలు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. తల్లిపక్షి సంచిలాంటి గొంతులోంచి చేపను పైకి తెచ్చి తినిపిస్తున్నది.

అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను. “ఈటిని మేం ఏటీ అనం అమ్మా. రాయి ఇసరనివ్వం. పురిటికొచ్చిన ఆడపిల్లలు గదా! పుట్టింటికొచ్చినోళ్ళని ఎవులైనా ఏటైనా అంటారేటి?” అన్నాడు.

పురిటికి పుట్టింటికి వెళ్ళడం మన తెలుగువారి ఆచారం. కాన్పు ఆడదానికి పునర్జన్మ అంటారు. ఆ గండం గడిచేటప్పుడు కన్నతల్లి చేయి దగ్గర ఉండాలని పెద్దలు ఏర్పరచినది. అందులో వైద్యం లేకపోవచ్చు గాని, వైద్యానికి ముందు కావలసింది ఉన్నది: కొన్నాళ్ళు పని తప్పడం, వేళకు తిండి, అడిగితే పలికే మనిషి. ఊరి చెట్ల మీది పక్షులకు ఈ మూడూ దొరుకుతున్నాయి. పొట్టు తీసే గదిలోని పడుచు నా కళ్ళముందు మెదలింది.

టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉన్నది. పలాస, నందిగాం, మెళియాపుట్టి వైపుల నుంచి కూడా కాన్పులకు ఇక్కడికి వస్తారు. బయట చెట్లకింద చుట్టాలు, వేడినీళ్ళ ఫ్లాస్కులు, పాతచీరల మూటలు. ఒకప్పుడు ఆసుపత్రి కాన్పంటే పొలం తాకట్టు పెట్టవలసిన మాట. 2005 ఆగస్టు 15న 108 బండ్లు వచ్చాయి. ఆ ఏడే జననీ సురక్ష పథకమూ, ఊరూరా ఆశా కార్యకర్తలను నియమించిన గ్రామీణ ఆరోగ్య మిషనూ వచ్చాయి. 2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. బాలింతను బిడ్డతో సహా ఇంటి దగ్గర దింపడానికి తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ అనే బండి కూడా ఉన్నది. ఇవాళ రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది సామాన్యమైన మార్పు కాదు.

ఫలితమూ కనబడింది. 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. సంతోషించవలసిన అంకె. అయితే సగటు అన్నది పల్లకీ వంటిది. పైన కూర్చున్నవారు కనబడతారు గాని, మోసేవారు కనబడరు. బెజవాడ డాక్టరుగారి కోడలూ, మందస కొండమీది సవర పిల్లా ఆ 45లో ఒకటే గీత కింద ఉన్నారు.

సగటు చాటున తల్లులు మరుగుపడటం మన ఒక్కరి సంగతే అనుకోవద్దు. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన అమెరికా సంగతి వినండి. 2023లో అక్కడ లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. మూడు రెట్లకు పైన! ఆస్పత్రులు లేకనా? మందులు లేకనా? టెన్నిసు రాణి సెరీనా విలియమ్స్ 2017లో ఆపరేషనుతో బిడ్డను కన్నది. మరునాడు ఊపిరి అందకపోతే, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని తనంతట తానే గుర్తించి, స్కాను తీయమని అడిగింది. నొప్పిమందు మత్తులో ఏదో అంటున్నదనుకొన్నది నర్సు. ఆమె పట్టుబట్టింది గనుక చివరికి స్కాను తీశారు. గడ్డలు ఉన్నాయి! ఊపిరితిత్తుల్లో గడ్డకట్టే జబ్బు ఆమెకు పూర్వం కూడా వచ్చింది గనుక ఏం జరుగుతున్నదో ఆమెకు తెలిసింది. లోకమంతా పేరు తెలిసిన మనిషికే ఇంత గొడవైతే, పేరులేని తల్లి మాట ఎవరు వింటారు?

అక్కడి నల్లజాతి స్త్రీలు కొందరు 1994లో షికాగోలో సమావేశమై ఈ విషయానికి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పుకోవాలంటే సంతాన న్యాయం. దానిలో మూడు హక్కులున్నాయి. వద్దనుకొంటే బిడ్డను కనకుండా ఉండే హక్కు. కావాలనుకొంటే క్షేమంగా కనే హక్కు. కన్న బిడ్డను ఆరోగ్యమైన చోట పెంచుకొనే హక్కు. ఆసుపత్రిలో మంచం ఇవ్వడంతో న్యాయం పూర్తి కాదు, మంచం దాకా వచ్చే దారీ, మంచం దిగాక వెళ్ళే ఇల్లూ కూడా అందులోవే అని వారి వాదన. ఎక్కడి షికాగో, ఎక్కడి ఉద్దానం! కాని మర్నాడు ఆ మూడు హక్కులూ నాకు ఈ కొబ్బరితోటల్లోనే ఎదురైనాయి.

తీపినీళ్ళ ఊళ్ళు

మూడోనాటి ఉదయం వజ్రపుకొత్తూరు వైపు తీరానికి వెళ్ళాము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్నే దాటింది. తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్కరాత్రిలో నేలకూలాయి. ఇప్పుడు మళ్ళీ మొక్కలు లేచాయి. వాటి మధ్య మొండాలు ఇంకా అక్కడక్కడ నిలబడి ఉన్నాయి.

తుపాను కన్న పెద్ద కష్టం ఈ ఊళ్ళకు మరొకటి ఉన్నది. మూత్రపిండాల జబ్బు. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో ముప్ఫై ఏళ్ళుగా మనుషులు ఈ జబ్బుతో రాలిపోతున్నారు. సుగరు లేదు, రక్తపోటు లేదు, కొబ్బరితోటలో పనిచేసుకొనే మనిషికి మూత్రపిండాలు నెమ్మదిగా ఎండిపోతాయి. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళలో ఉన్నదని కొందరు, ఎండలో పనిచేసి నీళ్ళు చాలక అని కొందరు, నొప్పిమాత్రలని కొందరు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రమూ ఆసుపత్రీ ప్రారంభమైనాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఈ ఊళ్ళకు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. నడివీధిలో కుళాయి దగ్గర బిందెలు వరసగా ఉన్నాయి. “ఏటి నీళ్ళు తీపమ్మా” అన్నది ఒక పిల్ల.

ఈ జబ్బు గురించి రాసినప్పుడు మనం డయాలిసిసు మంచాల మీది మగవాళ్ళను రాస్తాము. గర్భిణుల సంగతి ఎవరూ అంతగా రాయరు. మూత్రపిండం బలహీనమైన స్త్రీకి కడుపుతో ఉన్నప్పుడు రక్తపోటు పెరగవచ్చు, గుర్రపువాతం రావచ్చు, బిడ్డ నెల తప్పి చిన్నదిగా పుట్టవచ్చు. జబ్బేమో తొలిదశలో బయటికి కనబడదు. అందుకని ఉద్దానంలో గర్భిణికి మూత్రంలో మాంసకృత్తు చూచే చిన్న పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ చూచే పరీక్ష వేరేచోట కన్న ఎక్కువ ముఖ్యం. మా అమ్మాయి ప్రతి గర్భిణికీ రక్తపోటు చూచి, గాజుగొట్టంలో రంగు చూచి రాసుకొంటున్నది. “నడుం నొప్పి అని మందులషాపు మాత్రలు మింగకండి, అవి మూత్రపిండాలకు చేటు” అని ప్రతి ఇంట్లోనూ చెప్పిన మాటే చెబుతున్నది. విన్నవారు తల ఊపుతున్నారు. అయితే పొద్దంతా వంగి పనిచేసినవారికి నొప్పి తగ్గే దారి ఇంకేముందో ఆమే చెప్పలేకపోయింది.

తీరం వెంట మత్స్యకారుల ఊళ్ళున్నాయి. జాలరి మగవారు చాలామంది గుజరాతులోని వెరావల్‌కు వెళ్ళి పెద్ద పడవలమీద నెలల తరబడి ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం వాళ్ళు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. మగడు దూరదేశంలో ఉండగా నొప్పులు వస్తే, ఆసుపత్రికి వెళ్దామనే మాట ఎవరు అనాలి? అత్త అనాలి, లేదా బావ అనాలి. వారికి ఫోను చేసి, వీరిని అడిగి, డబ్బు చూచుకొని లేచేసరికి ఒక పూట గడుస్తుంది. తల్లులు చనిపోయే దారిలో మూడు ఆలస్యాలున్నాయని వైద్యులు చెబుతారు: బయలుదేరడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మొదటిదానికి అంబులెన్సు పనికిరాదు. ఇంట్లో ఆమె మాటకు విలువ ఉండాలి.

ఒక ఇంటి పంచలో పదిమంది స్త్రీలు వలలు బాగుచేసుకొంటూ కూర్చున్నారు. మాటల్లో ఆపరేషను ప్రసక్తి వచ్చింది. అందరికీ అయిపోయింది, ఒకామెకు ఇరవై రెండో ఏటనే. మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు కలగకుండా ఆపరేషను చేయించుకొన్నవారే. మగవారిలో ఆ లెక్క నూటికి ఒక్కరు కూడా కాదు. “మీ మగవారు ఎందుకు చేయించుకోలేదు?” అని అడిగితే అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆ నవ్వే జవాబు.

1994నాటి మన పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లల నిబంధన ఉండేది. మూడో బిడ్డ పుడితే సర్పంచి పదవికి పోటీ చేయకూడదు. షికాగోలో ఆ స్త్రీలు సంతాన న్యాయమని పేరు పెట్టిన సంవత్సరమే అది. ఆ నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది. జననాలు తగ్గిపోతున్నాయనీ, ఇకమీదట ఎక్కువమందిని కనాలనీ ఇప్పుడు పెద్దలు చెబుతున్నారు. ఈ సంగతి చెప్పగానే వల పక్కన పెట్టి ఒక పెద్దావిడ అన్న మాట నేను రాసి పెట్టుకొన్నాను.

“అప్పుడు సాలు సాలన్నారు. ఇప్పుడు కనండి కనండంతన్నారు. కనేది మేం గదమ్మా! మమ్మల్ని ఎవులడిగినారు?”

డోలీ దారి

మధ్యాహ్నం మందస చేరాము. వాసుదేవ పెరుమాళ్ళ ప్రాచీనమైన ఆలయం ఇక్కడున్నది. ఈ జమీందారీలోనే, అడవి మీద హక్కు కోసం రైతులు తిరగబడ్డప్పుడు, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ పోలీసు తూటాలకు బలి అయింది. మందస దాటితే నేల ఎత్తవుతుంది. పైన సవరగూడేలు.

స్కూటరు కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. అక్కడినుంచి రాళ్ళదారి, నడక. గంటన్నర నడిచాక పది పదిహేను ఇళ్ళ గూడెం కనిపించింది. ఒకే వరసలో మట్టిగోడల ఇళ్ళు, ముందు అరుగులు, ఎర్రమట్టి పూత. ఒక ఇంటి చూరులో వెదురు గడ, దానికి చుట్టిన దుప్పటి. అదే డోలీ. 2018లో కొండప్రాంతాలకు మోటారుసైకిలు అంబులెన్సులు ఇచ్చారు. కొండమీది గర్భిణులు నెలలు నిండేముందే దిగివచ్చి ఉండటానికి సాలూరులో వసతి గృహం పెట్టారు. అలాంటివి మరికొన్ని ఏర్పడ్డాయి. అయినా సైకిలు కూడా ఎక్కలేని మెట్టదారికి ఇద్దరు మనుషుల భుజాలే బండి.

ఆ ఇంటి కోడలిని కిందటి వానల్లో ఆ డోలీలోనే దించారట. సగం దారిలో, వానలో, చెట్టుకింద కాన్పు అయింది. వెంటనున్న ముసలి మంత్రసాని బొడ్డు కోసి, తన చీరలో బిడ్డను చుట్టింది. తల్లీబిడ్డలు బతికి బయటపడ్డారు. బిడ్డ ఇప్పుడు అరుగుమీద పాకుతున్నది. ఆ మంత్రసానితో మాట్లాడాను. ఆమెకు తెలుగు కొద్దిగా వచ్చు.

“ఈసారి ముందే ఆసుపత్రికి పంపుతావా అవ్వా?”

“పంపుతాను. కాని అది అక్కడ ఒక్కర్తీ పడుకుంటాది. నన్ను లోపలికి రానివ్వరు. అక్కడ ఆలేటంటారో దానికి తెల్దు. ఇదేటంటాదో ఆలకి తెల్దు” అన్నది.

నాకు సెరీనా గుర్తుకు వచ్చింది. ఆమె చెప్పింది, వారికి అర్థమయింది, నమ్మలేదు. ఇక్కడ చెప్పడానికే భాష అడ్డం. సవర భాష మన ద్రావిడ కుటుంబంలోది కాదు, ముండా కుటుంబంలోది. తెలుగు రాని పిల్ల కాన్పు బల్లమీద “తల తిరుగుతున్నది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి” అని సవరలో అంటే, గుర్రపువాతానికి అది ముందు గుర్తు అని ఎవరు పట్టుకోవాలి?

తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేదాన్ని గనుక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ఉండలేకపోయాను. 1863లో ఈ జిల్లాలోనే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఈ కొండల అవతల పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండగా, సవరను ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవర పిల్లలకు బడులు పెట్టారు, పుస్తకాలు రాశారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మనం ఇవాళ పత్రికల్లో రాసుకొంటున్న వాడుక తెలుగు కూడా ఆయన పోరాడి ఇచ్చినదే. ఎదుటి మనిషి మాట వినాలంటే ముందు ఆమె భాష నేర్చుకోవాలని ఆయన ఒక జీవితం వెచ్చించి చూపించారు.

దిగివస్తూ ఒకచోట బండమీద కూర్చున్నాము. మా అమ్మాయి సంచిలోంచి రక్తపోటు పరికరంతోపాటు ఒక నోటుపుస్తకం తీసింది. అందులో తెలుగు అక్షరాలలో సవర మాటలు. నొప్పి, రక్తం, నీళ్ళు, ఎప్పటినుంచి, కదులుతోందా, భయపడకు. ఒక్కొక్క మాటా గూడెంలో అడిగి రాసుకొన్నదట. “ఎవరూ చెప్పలేదు మేడమ్, నాకే అవసరమనిపించింది” అన్నది. ఆ కాపీలో కొన్ని అక్షరదోషాలు ఉన్నాయి. దిద్దుదామని పెన్ను తీయబుద్ధి కాలేదు.

ఆమె చేస్తున్న పని ఒక్కతె పని కాకూడదు. సవర చదువుకొన్న ఆడపిల్లలు ఇప్పుడు కొండమీద ఉన్నారు. ప్రతి పెద్దాసుపత్రి కాన్పు గదిలోనూ ఒకరికి ఉద్యోగమిస్తే, ఆ తల్లుల మాట తెలుగులో వినబడుతుంది. మంత్రసానిని గుమ్మంలో ఆపకుండా తోడుగా లోపలికి రానిస్తే, కొండ దిగడానికి భయం సగం తగ్గుతుంది. కార్ఖానాలో పొట్టు తీసే స్త్రీ పేరు ఒక పుస్తకంలో ఎక్కితే, ఆ చట్టంలోని 26 వారాలు ఆమెకూ వస్తాయి. ఉద్దానపు గర్భిణులందరికీ మూత్రపిండాల పరీక్ష జరిగితే, తర్వాత డయాలిసిసు మంచం మీదికి వచ్చేవారు కొందరైనా తగ్గుతారు. ఇవేవీ కొత్త ఆసుపత్రి కట్టినంత ఖర్చు పనులు కావు. శంకుస్థాపన ఫలకాలు ఉండవు గనుక ఎవరికీ అంత తొందర లేదు.

సంధ్యవేళకు కిందికి చేరాము. దూరాన ఉద్దానం మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. మా అమ్మాయి ఫోను మోగింది. అవతల ఎవరో కంగారుగా మాట్లాడుతున్నారు. ఆమె నిలబడిపోయి, చేత్తో నన్ను మాట్లాడవద్దని సైగ చేసి, చాలాసేపు ఏమీ అనకుండా విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది:

“ముందు ఆ పిల్లకి ఫోనియ్యండి. ఎలాగుందో దాన్నే సెప్పనియ్యండి.”